మేడ్చల్ సీమలో గణితోపన్యాసములు

2008లో శామీర్‌పేట చెంత జవాహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణము వెలసినది. కండ్లకోయ, మైసమ్మగూడల వైపు ఇంజనీరింగు కళాశాలలు బారులు తీరినవి. ఈ సీమలో ఏటేటా ఎందరో యువజనులు సంకీర్ణ చలరాశి గణితమును పాఠ్యాంశముగా చదువుచున్నారు. కాషీ సూత్రముతో సమాకలనములను లెక్కించుటతోనే ఆ చదువు ముగియుచుండుటయు, దాని వెనుకనున్న మహాప్రశ్న తరగతి గడప తొక్కకుండుటయు మిక్కిలి విచారకరము.

ఆ ప్రశ్న యిది: అవకలన సమీకరణమునకు ప్రతి బిందువు సమీపమునను పరిష్కారము లభించినంత మాత్రమున ప్రదేశమంతటను చెల్లు పరిష్కార మొక్కటి లభించునా? సమీప పరిష్కారము కలదని, తగిన నియమములకు లోబడి, రష్యా విదుషీమణి కోవలెవ్‌స్కాయ 1875లో నిరూపించెను. సమగ్ర పరిష్కారము మాట వేరు. సంకీర్ణ తలమునుండి శూన్యబిందువును తొలగించి, చలరాశి యొక్క వ్యుత్క్రమము అవకలజముగా గల ప్రమేయమును వెదకినచో, ఎక్కడికక్కడ సంవర్గమానము పరిష్కారమై నిలుచును. కాని శామీర్‌పేట చెరువును చుట్టి వచ్చినట్లు ఆ బిందువును ఒక్కమారు చుట్టి బయలుదేరిన చోటికే వచ్చితిమా, దాని విలువ రెండు పై ఐ అంత మారియుండును. లోపము సమీకరణములో లేదు, ప్రదేశపు ఆకృతిలో నున్నది.

చలరాశులు రెండైనంతనే విషయము గహనమగును. అచ్చట ఒంటరి బిందువును తొలగించినను విశ్లేషక ప్రమేయము ఆ లోటును తానే పూరించుకొనునని హార్టోగ్స్ 1906లో చూపెను. స్థానిక పరిష్కారములను అతుకుటకు ఏ ప్రదేశములు అనువైనవో జపాను దేశపు ఓకా, ఫ్రాన్సు దేశపు ఆన్రీ కార్తాన్ దీర్ఘకాల పరిశ్రమతో తేల్చిరి. ప్రదేశము కుంభాకారమై, గుణకములు స్థిరములైనచో సమగ్ర పరిష్కారము తప్పక యుండునని 1950ల నడుమ మాల్‌గ్రాంజ్ కృషివలన తెలిసినది. కుడిపక్షము నునుపైనదైనను, ఏ బిందువు చుట్టును పరిష్కారము లేని ఏకఘాత సమీకరణ మొకటి కలదని హాన్స్ లెవీ 1957లో చూపెను. ఇంజనీరునకు ఇదంతయు ఎందుకందురా? పరిష్కారము లేని సమీకరణమునకును కంప్యూటరు అంకెల నిచ్చును. ఆ అంకెలను నమ్మవలయునా యని యడుగుట ఈ శాస్త్రమే నేర్పును.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1920లో మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్ 1949లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరి, అచ్చటి గణిత విభాగమును తీర్చిదిద్దెను. విదేశీయ పండితులను రప్పించి ఉపన్యాసము లిప్పించుటయు, వానిని యువ పరిశోధకులచే వ్రాయించి అచ్చొత్తించుటయు ఆ విభాగమున సంప్రదాయమైనది. బహు సంకీర్ణ చలరాశులపై మాల్‌గ్రాంజ్ ఉపన్యాసములు 1958లో అట్లే వెలువడినవి. వానిని లిఖించిన రాఘవన్ నరసింహన్ అనతికాలములోనే ఆ శాస్త్రమున విశ్వవిఖ్యాతుడయ్యెను. గురువు మాటను వ్రాసిపెట్టు పని శిష్యుని ఎంతటివానిని చేయగలదో చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు కానరాదు.

2010లో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభకు హైదరాబాదు ఆతిథ్య మిచ్చినది. ఆ నగరపు ఉత్తరాంచలమున నున్న ఈ కళాశాలల యాజమాన్యములు ఏటికొక్క గణితోపన్యాసమాలనైన కలసి నెలకొల్పి, పొరుగు డిగ్రీ కళాశాలల విద్యార్థులకును ద్వారములు తెరచి, ఆ ఉపన్యాసములను విద్యార్థులచేతనే తెలుగున వ్రాయించి ప్రకటింపవలెనని నా ప్రార్థన.