కాలికి అంటు

మా ఆర్మూరులో కాలు బెణికిందంటే మొదట వెతికేది పసుపూ సున్నమూ. ఎండిన కొమ్ములు గుట్టలు పోసి వుండే వూళ్లో మరో మందు తోచదు కదా! నా విద్యార్థి ఒకడు మోకాలికి జానెడు కింద వాపుతో కుంటుతుంటే, "పట్టు వెయ్యి, తగ్గుతుంది" అని సలహా యిచ్చిన పెద్దమనిషిని నేనే. మూడు నెలలు వేశాడు. వాపు పెరిగింది, రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేదు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలో గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరన్నారు.

"కాలు తీసేస్తరా సారూ?" అన్నాడు తండ్రి. తెలుగు చెప్పుకునేవాణ్ణి, నేనేం చెప్పను? ధర కోసం ఆపుకున్న పసుపు అమ్మేసి ఆయన బయలుదేరితే, తోడుగా హైదరాబాదు వెళ్లాను.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. మోకాలి కింద రెండు ఎముకలు. బరువంతా దాదాపు లావుదే మోస్తుంది, సన్నది మోసేది స్వల్పం. (పాఠ్యపుస్తకాల్లో వీటి పేర్లు అంతర్జంఘిక, బహిర్జంఘిక. పలికేలోపే కాలు నొప్పి పుడుతుంది!) ముందు కొన్నాళ్లు మందు ఎక్కిస్తారు. తర్వాత గడ్డ వున్న మేర, చుట్టూ కొంత మంచి భాగంతో సహా, లావు ఎముకను కోసేస్తారు. ఆ ఖాళీలో రెండో కాలి సన్న ఎముక ముక్కను పెట్టి, లోహపు పలకతో, మరలతో బిగిస్తారు. చీలమండ దగ్గరి కొసను మాత్రం ముట్టుకోరు, కీలుకు అదే ఆధారం. రక్తనాళాలతో సహా తెచ్చి అతికితే ఆ ముక్క బతికే వుంటుంది, బరువు పడేకొద్దీ లావెక్కుతుంది కూడా. మెల్‌బోర్న్ సర్జను టేలర్ 1975లో ప్రకటించిన పద్ధతి యిది.

నేనింకా మాట కోసం తడుముకుంటుంటే, "అంటు గట్టుడన్నట్టు!" అన్నాడు తండ్రి. ఎం.ఏ. నాది, మాట ఆయనది.

దాతల ఎముకలు వాడే దారీ వుందట. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లోనే అందుకొక బ్యాంకు పెట్టారు. తీసిన ఎముకనే కిరణాలతో శుద్ధి చేసి తిరిగి అమర్చడమూ వుంది. అయితే గడ్డ పెద్ద రక్తనాళాలనూ నరాలనూ చుట్టేస్తే కాలు దక్కించడం కష్టమని కూడా ఆయన దాచకుండా చెప్పాడు. ఆ మాటకు నా మూడు నెలల పసుపు పట్టు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

మావాడి కాలు దక్కింది. ఏడాదిన్నర గడిచినా చేతికర్ర వదలలేదు గాని, ఎముక అతుక్కుంది. మొన్న కాలేజీకి వచ్చి మెట్లెక్కి చూపించాడు.

నిన్న మరో కుర్రవాడు కుంటుతూ వచ్చాడు. పట్టు వేస్తున్నానన్నాడు.

"ఎన్నాళ్లయింది? రాత్రిపూట నొప్పుందా?" అని అడిగాను.