గృహప్రవేశం అయింది... నెట్టు ప్రవేశమో?

కొత్త ఇల్లు కట్టుకున్న ఆసామి చుట్టాలకు ముందుగా చూపించేది ఒకప్పుడు పూజగది. ఇప్పుడు హాల్లో టీవీ గోడ! 65 అంగుళాల తెర, మూలమూలకో స్పీకరు, వెనక నీలం లైట్లు. మరి, 2020 సెప్టెంబరు 5న నాని 'వి' థియేటర్లను వదిలి నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో దిగినప్పుడే తేలిపోయింది కదా, ఇల్లు కూడా ఒక రిలీజు సెంటరేనని! అంతా బాగానే ఉంది. "నెట్టు వచ్చిందా?" అని మాత్రం అడక్కండి. ఆసామి మొహం మాడిపోతుంది.

మణికొండ అవతల ఇల్లు కట్టుకున్న ఓ ఎడిటర్ గారి సంగతి వినండి. (పేరెందుకు లెండి, పాపం!) ఇంట్లోనే ఎడిటింగ్ రూము పెట్టుకుని, మధ్యాహ్నం పిల్లలతో కలిసి భోంచేయాలని ఆయన ముచ్చట. ఫైబరు కంపెనీకి ఫోన్ చేస్తే "మీ ఇంటి నంబరు మా సిస్టమ్‌లో లేదు సార్" అన్నారట. పక్కింటికి ఉందిగా అంటే, వీధిలోని డబ్బాలో ఖాళీ లేదన్నారు. ఇందులో అబద్ధమేం లేదు సుమండీ. ఒక ఫైబరు పోగులో వచ్చే వెలుగును స్ప్లిటరు అనే బుల్లి పరికరం పదహారిళ్లకో, ముప్పై రెండిళ్లకో పంచుతుంది. ఆ లెక్క నిండిందా, ఇంకో స్ప్లిటరు పడేదాకా కొత్తవారికి నిరీక్షణే.

ఈలోగా సెల్‌ఫోన్ హాట్‌స్పాటే గతి. 100 జీబీ ఫైలును 5 ఎంబీపీఎస్ వేగంతో పంపాలంటే 44 గంటలు! 100 ఎంబీపీఎస్ ఉంటే రెండుంపావు గంటల్లో అయిపోతుంది. నిర్మాతకు అంత ఓపిక ఎక్కడిది? హార్డ్‌డిస్కు జేబులో వేసుకుని రోజూ జూబ్లీహిల్స్‌కు స్కూటరు మీద తిరిగాడు. రీలు డబ్బాలు రైల్లో తెచ్చుకున్న మద్రాసు రోజులు నయం కదూ! అయినా ఒక సినిమా చెయ్యి జారిపోయింది.

నెలకి కుర్రాడొచ్చాడు. రాగానే అడిగిన మాట: "పైపు ఎక్కడుంది సార్?"

పైపు లేదు! ఫాల్స్ సీలింగుకు లక్షలు పోసిన ఇంట్లో వైరు రావడానికి దారి లేదు. చివరికి వంటింటి కిటికీ దోమతెర కోసి లోపలికి లాగారు. రౌటరు ఫ్రిజ్ పక్కన, టీవీ రెండు గోడల అవతల. కొత్త సినిమా పెట్టగానే అత్తగారు అడిగారట, "బొమ్మ రాదేం అల్లుడు గారూ, సున్నా తిరుగుతోందీ?" అని.

ఆయన కోపంలో 300 ఎంబీపీఎస్ ప్లాను కట్టేశాడు. దండగ! 4కె బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ కోరేది 15 ఎంబీపీఎస్సే. వేగం వీధిలో తక్కువై కాదు, గోడల దగ్గర చస్తోంది.

ఇల్లు కట్టే దశలో ఉన్నవారు ప్లాస్టరింగుకు ముందే మేస్త్రీకి చెప్పండి. కాంపౌండు గోడ నుంచి హాలు దాకా ఒక 25 మిల్లీమీటర్ల పైపు, లోపల లాగడానికి నైలాన్ తాడు. మలుపుల్లో ఎల్బో వద్దు, వంపు తిరిగిన బెండు వేయించండి. ఫైబరు లోపలిది గాజు. మరీ మడిస్తే వెలుగు బయటికి కారిపోతుంది, ఇంకా వంచితే విరుగుతుంది. రౌటరు నుంచి టీవీకి, పనిచేసే గదికి లాన్ వైరు కూడా గోడలోనే పోనివ్వండి. రౌటరును ఇనుప పెట్టెలో దాచకండి, అందానికి పోతే వైఫై పోతుంది. పక్కన ప్లగ్గు, చిన్న యూపీఎస్ ఉండాలి. ఫైబరులో కరెంటు రాదు కనుక, కరెంటు పోతే డబ్బా పడుకుంటుంది.

ఇంటి బయటి సంగతి మన చేతుల్లో లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది హైదరాబాద్ స్తంభాల మీది కేబుళ్లను కోసుకుంటూ పోతే, ఎన్నో ఇళ్లలో నెట్టు ఆగింది. జనం విసుక్కున్నారు గానీ, తలల మీద వేలాడే ఆ చిక్కుముళ్లను అన్నేళ్లు ఎవరు పట్టించుకున్నారు?

ఎడిటర్ గారు ఇప్పుడు మొదటి అంతస్తు వేయిస్తున్నారు. గోడలింకా లేవలేదు, పైపులు మాత్రం దిగిపోయాయి!