బిడ్డ బరువుతోపాటు మాటనూ చూద్దాం

మిరప కోతలు మొదలైతే పల్నాడు పల్లె తెల్లారేసరికి చేలో ఉంటుంది. మాచర్ల, గురజాల వైపు చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పసిబిడ్డ, మిరప సాళ్లలో తల్లి. పొద్దుగూకి ఇల్లు చేరాక వంట, చాకిరీ. బిడ్డను ఒళ్లో వేసుకుని ఊసులాడే తీరిక ఆమెకెక్కడిది? ఆ ఊసులే బిడ్డకు భాష నేర్పుతాయని ఆమెకు చెప్పినవారెవరు?

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పల్లె బిడ్డల తిండి విషయంలో చేసిన మేలు చిన్నది కాదు. అంగన్‌వాడీలో బిడ్డ బరువు చూస్తారు, ఎత్తు కొలుస్తారు. మాటల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇంటా బయటా 'అవే వస్తాయిలే' అంటాం.

అవే రావు. బిడ్డ 'ఉంగా' అన్నప్పుడు ఎదురుగా మనిషి మొహం ఉండాలి, బదులు పలకాలి. శాస్త్రవేత్త పాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ వినిపించి, 2003లో ఫలితాలు ప్రకటించింది. మనుషులు ఎదుట కూర్చుని ఆడించిన పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు. టీవీలో చూసినవాళ్లకు ఏమీ అబ్బలేదు. ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోన్ చేతికిచ్చే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి.

తల్లిదండ్రులకు తోడు నిలిస్తే ఫలితం ఉంటుందనడానికి తెలుగునేల మీదే రుజువుంది. ఉమ్మడి రాష్ట్రంలో, నల్గొండ జిల్లాలోని 60 పల్లెల్లో, 600 మంది తల్లీబిడ్డలతో జాతీయ పోషకాహార సంస్థ ఓ అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన ఊరి స్త్రీలే మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఆ ఇళ్లకు వెళ్లారు. కొన్ని పల్లెల్లో తిండి గురించే చెప్పారు. మరికొన్ని పల్లెల్లో బిడ్డ సైగ కనిపెట్టి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం మానసిక వికాసం మెరుగుపడింది ఈ రెండో చోటే.

పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లల ఎదుగుదల కోసం 2024లో కేంద్రం 'నవచేతన' మార్గదర్శకాలు తెచ్చింది. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి ఆశా కార్యకర్త ఇంటికి రావాలన్న నియమం 2018 నుంచే ఉంది. ఆ రాకలో మాటకూ చోటివ్వాలి. చప్పుడుకు తల తిప్పని బిడ్డను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపాలి. తండ్రినీ, నాయనమ్మనూ కూర్చోబెట్టి మాట్లాడాలి. సుగాలి తండాలో తల్లి తన భాషలోనే బిడ్డను పలకరించాలని ధైర్యం చెప్పాలి. రిజిస్టర్లతో సతమతమయ్యే అంగన్‌వాడీ టీచర్లకు ఇందుకు తగిన సమయం, శిక్షణ, జీతం దక్కాలి. కోతల కాలంలో చేల దగ్గరే శిశు సంరక్షణ కేంద్రాలు నడపాలి. అవేవీ లేకుండా తల్లికి పాఠాలు చెప్పడం అన్యాయం.

కారంపూడి వీరుల కథను తరతరాలుగా గొంతులోనే నిలుపుకున్న సీమ ఇది. ఒళ్లో మాట వినని బిడ్డకు రేపు కథైనా, పద్యమైనా అందేదెలా? అందుకే ఇది సాహిత్య పత్రిక పట్టించుకోవలసిన విషయం. నరసరావుపేటలో కూర్చునే జిల్లా అధికారులు ఈ కోతల కాలంలోనే కొన్ని తండాల్లో, పల్లెల్లో ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.