గట్ల మీద సైకిలు బాట సరే, మన ట్రాక్టరు ఎటు పోవాలి?

సైకిలు యాత్రల గురించి రైతు సంఘం పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. శీతాకాలం వచ్చిందంటే ఆటపాక పక్షుల కేంద్రానికి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వచ్చే జనంలో కార్లవాళ్లతోపాటు సైకిళ్ల మీద వచ్చే పట్నం కుర్రాళ్లు కూడా కనపడుతున్నారు. హైవే ఎక్కకుండా కాలవ గట్ల వెంట, చెరువు గట్ల వెంట దారి వెతుక్కుంటూ వస్తున్నారు. ఇవాళ వాళ్లు మనల్ని దారి అడుగుతున్నారు. రేపు ఆ దారికి ఒక పథకం, ఒక బోర్డు, ఒక శిలాఫలకం వస్తాయి. ఆ గట్టు మీద మన హక్కేమిటో శిలాఫలకం వేశాక మాట్లాడితే వినే నాథుడుండడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మోటారు బళ్లు తిరగని సైకిలు బాట డెల్టాకు కావాలి. కానీ అది ఉన్న గట్ల మీదే, ఉన్న డొంకల మీదే రావాలి. దానికోసం ఒక్క సెంటు భూమి కూడా సేకరించకూడదు. ట్రాక్టరునీ, కోత మిషన్నీ, ఎడ్లబండినీ ట్రాఫిక్ కింద జమకట్టి ఆపకూడదు.

సైకిలుకు ఇంతకంటే అనువైన నేల మన రాష్ట్రంలో లేదు. ఇక్కడ కాలవ వంతెన ఎక్కడమే కొండ ఎక్కడం. గేర్ల సైకిలు అక్కర్లేదు, మన పాత 22 అంగుళాల సైకిలు చాలు. కష్టమంటూ ఉంటే ఎదురుగాలి ఒక్కటే. ఒక పక్క వరి, ఒక పక్క నీళ్లు, ఆ నీళ్లలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కారు అద్దంలోంచి చూసేవాడికి ఇందులో సగం కూడా కంటపడదు.

ఈ గట్లు మొదట్నుంచీ దారులే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. వాటి కింద పెద్ద కాలవల్ని సాగునీటికే కాకుండా పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. లాకులు కట్టింది అందుకే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవారు. ధాన్యం అలా ఊళ్లు దాటి వెళ్లేది. రైళ్లు, లారీలు వచ్చాక పడవలు పోయాయి, గట్లు మిగిలాయి. ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కెనాల్ దు మిది అనే కాలవ ఉంది. దాని పక్కన ఒకప్పుడు గుర్రాలు పడవలు లాగిన దారిలోనే ఇప్పుడు జనం సైకిళ్లు తొక్కుతున్నారు. వాళ్లు గట్టును గట్టుగా ఉంచుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది.

మన దగ్గర గట్టు ఏమైందో అందరికీ తెలుసు. మా వైపు డొంక అంటాం, గోదావరి వైపు పుంత అంటారు. గ్రామ పటంలో బండిబాట అని రెండు గీతలుంటాయి. పొలంలోకి వెళ్లి చూస్తే ఒకచోట చేపల చెరువు గట్టు, ఇంకోచోట ఎవరిదో పాక, మరోచోట బాట మొత్తం చేలో కలిసిపోయి ఉంటుంది. నష్టపోయేది మధ్య చేను రైతు. అందులోనూ కౌలు రైతు. ముందు చేను కోసేదాకా అతని చేలోకి కోత మిషను రాదు. ఈలోగా తుపాను వస్తే పడిపోయేది ఆగినవాడి పంటే. ముందు చేను చెరువైపోతే ఇక శాశ్వతంగా దారి లేనట్టే. అప్పుడు అతని చేను కూడా అదే చెరువు ఆసామికి తక్కువ కౌలుకు అప్పజెప్పక తప్పదు. దారి మూసేసి భూమి లాక్కోవడం మన ప్రాంతంలో పాత పద్ధతే.

మురుగు కాలవల గట్ల కథా ఇంతే. పూడిక తీయాలంటే పొక్లెయిను గట్టెక్కాలి. గట్టు మీద షెడ్లు, పాకలు ఉంటే అది రాదు, గుర్రపుడెక్క కదలదు, చేలల్లో నీళ్లు దిగవు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ఎలా ముంచిందో చూశాం. ఆ నీళ్లు చేరేది కొల్లేట్లోకే. కొల్లేరు సముద్రంలోకి పోయేది ఉప్పుటేరు గుండానే. ఎక్కడ గట్టు ఆక్రమించినా ఆ బరువు కిందనున్న మన పొలాల మీదే పడుతుంది.

అందుకే సైకిలు బాట అన్న మాట నాకు నచ్చింది. పాతికేళ్లుగా డొంకలు సర్వే చేయించండి అని అర్జీలిస్తున్నాం. ఆక్రమణదారుడు పలుకుబడి ఉన్నవాడైతే ఆ కాగితం బల్ల దాటదు. టూరిజం అనేసరికి అదే గట్టు మీద కలెక్టరు గారి జీపు తిరుగుతుంది. పట్నంవాళ్ల షికారు పేరుతోనైనా గట్టు ఖాళీ అయితే మొదట బాగుపడేది మనమే.

అసలు డెల్టాలో రోజూ సైకిలు తొక్కేది టూరిస్టులు కారు. హైస్కూలుకు పోయే ఆడపిల్లలు, చేపల చెరువుల దగ్గర కాపలాకు పోయే కూలీలు, గడ్డిమోపు కట్టుకొచ్చే పెద్దవాళ్లు. ఆ మధ్య ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది, వాటిని ఎక్కడ తొక్కాలో మాత్రం చెప్పలేదు. పామర్రు నుంచి కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పోయే 165వ జాతీయ రహదారి మీద చేపల లారీల పక్కన పిల్లను సైకిలు మీద పంపే ధైర్యం ఏ తల్లికుంటుంది? హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేసి, పైన సోలారు పలకల కప్పు వేశారు. సంతోషమే. మన పిల్లలకు కప్పు అక్కర్లేదు, లారీ రాని గట్టు చాలు.

ఇక ట్రాక్టరు సంగతి. వాహనాలు లేని బాట అనగానే ఇంజనీర్లు మొదట చేసే పని రెండు చివర్లా ఇనుప గుంజలు పాతడం. సైకిలు దూరుతుంది, ట్రాక్టరు దూరదు. పంట ఇంటికి రాదు. నెదర్లాండ్సు, బెల్జియం మనలాంటి పల్లపు దేశాలు. నెదర్లాండ్సులో చాలా నేల సముద్ర మట్టానికి కిందే ఉంటుంది, చుట్టూ గట్లు, మధ్యలో పొలాలు. అక్కడ పొలం బాటల మీద సైకిళ్లూ ట్రాక్టర్లూ కలిసే తిరుగుతాయి. బెల్జియంలో కొన్నిచోట్ల బాట మధ్యలో ఒక కాంక్రీటు దిమ్మ కడతారు. కారు అడుగుభాగం దానికి తగులుతుంది కాబట్టి కారు పోలేదు. ట్రాక్టరు ఎత్తుగా ఉంటుంది గనక దిమ్మ మీదుగా పోతుంది. సైకిలు పక్కనుంచి పోతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మన చేపల లారీలకు మాత్రం అది చాలదు. వాటికి గేటు కావాలి, తాళంచెవి నీటి సంఘం దగ్గర ఉండాలి, కోతలప్పుడు గేటు తీసి ఉంచాలి. తారు వద్దు, గట్టిపరిచిన గ్రావెలు చాలు. తారు వేస్తే మొదట వచ్చేది లారీయే.

ఆ మాటకొస్తే తారు వేసినా సైకిలుకు చోటుండదు. టూరిస్టులు వచ్చేదీ, మన సార్వా ధాన్యం ఆరబోసేదీ ఒకే నెలల్లో. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కళ్లం లేని కౌలు రైతు రోడ్డు మీద కాక ఎక్కడ ఆరబోస్తాడు? వడ్ల రాశి పక్కన నిలబడి సైకిలువాళ్లతో తగువు పడే పరిస్థితి రాకూడదంటే, బాట వేసే డబ్బులోనే ఊరికొకటి రెండు చోట్ల ఆరబోత కళ్లాలు కట్టాలి. ఇది లేకుండా ఏ ప్లాను తెచ్చినా మన సంఘం సంతకం పెట్టకూడదు.

కొల్లేటి లంకల్లో అనుమానం ఇంకా ఎక్కువ. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. జిరాయితీ పట్టాలున్న రైతుల భూములూ ఆ గీతలోపలే పడ్డాయి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువు గట్లు పేల్చారు. ప్రతిసారీ పటం మీద ఎవరో గీత గీయడం, పెద్ద చెరువుల ఆసాములు ఎలాగో బయటపడడం, చిన్నవాళ్లు తిరుగుతూనే ఉండడం. సరస్సు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సైకిలు బాట పేరుతో ఇంకో గీత గీస్తామంటే, గీయకముందే లంక గ్రామాల్లో గ్రామసభ పెట్టాలి.

ఆదాయం గురించి కొందరు గొప్పగా చెబుతున్నారు. నాకంత ఆశ లేదు. నాలుగు టీలు, రెండు కొబ్బరి బొండాలు, ఎవరింట్లోనో చేపల పులుసు భోజనం, వేసవిలో ముంజలు. డ్వాక్రా మహిళలకు చేతిఖర్చుకు సరిపోతుందేమో, ఏ రైతు అప్పూ దీంతో తీరదు. అసలు భయం గట్టు పక్క చేలు రిసార్టుల వాళ్ల కంట పడడం. అప్పుడు ఆసామి అమ్ముకుంటాడు, కౌలుదారుడు లేచిపోతాడు. బాటకు ఇరువైపులా సాగుభూమిని భూవినియోగ మార్పిడికి అనుమతించకూడదన్న షరతు మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

వచ్చే మండల మహాసభలకు ప్రతి గ్రామశాఖ తమ ఊరి పటం నకలు తీసుకురావాలని కోరుతున్నాను. అందులో డొంకలకు ఎర్ర రంగు, కాలవ గట్లకు నీలం రంగు, మూసుకుపోయిన చోట నల్ల చుక్క పెట్టండి. ఆక్రమించినవారు మన సభ్యులైనా సరే చుక్క పడాల్సిందే. ఆటపాక నుంచి ఉప్పుటేరు గట్టు వెంట ఉన్న ఊళ్ల పటాలు ముందు వస్తే వాటితోనే కలెక్టరు గారికి మొదటి అర్జీ పెడదాం.