కూపస్థమండూకం

లోకజ్ఞానం లేనివానిని కూపస్థమండూకమని ఆక్షేపించడం తెలుగువారికి పరిపాటి. నూతిలోని కప్పకు నుయ్యే ప్రపంచమన్నది ఆ ఎత్తిపొడుపులోని సారం. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో నివసించే నీటికప్పల పట్ల ఈ మాట నింద కాదు, యథార్థం. టెల్మటోబియస్ అనే ప్రజాతికి చెందిన ఈ కప్పలలో పెక్కు జీవితమంతా నీటిలోనే గడుపుతాయి. ఒక ఊటకూ మరొక ఊటకూ నడుమ ఎండిన పీఠభూములు అడ్డుపడతాయి. దాటిపోయే దారిలేని జీవి తానున్న నీటికి తగినట్లు మారక తప్పదు.

పెరూ, బొలీవియా దేశాల నడుమ 3,800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న టిటికాకా సరస్సు కప్పను చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. దాని చర్మం ఒంటికి మించి కుట్టిన చొక్కావలె మడతలు మడతలుగా వేలాడుతుంది. ఊపిరితిత్తులు చిన్నవి, నీటిలోని ప్రాణవాయువును ప్రధానంగా చర్మమే గ్రహిస్తుంది. అది చాలనప్పుడు కప్ప దండీలు తీసే మల్లునివలె పైకీ కిందికీ ఊగి, మడతలకు కొత్తనీరు తగిలేటట్లు చేసుకుంటుంది. ఈ కప్పలన్నీ ఒక్క తీరుగా ఉండవు. పరిమాణం, రంగు, మచ్చలు, మడతల విస్తారం తావును బట్టి మారుతాయి. ఆ భేదాలను చూసి 1940లో పార్కర్ అనే శాస్త్రజ్ఞుడు కొన్నింటికి వేరు జాతులుగా పేర్లు పెట్టాడు. తరువాతి పరిశోధకులు వాటిని తిరిగి ఒకే జాతిలో చేర్చారు.

పేర్ల లెక్క సరిచేయడం శాస్త్రానికి అవసరమే. చిక్కంతా ఆ తరువాతి ఉదాసీనతతో వస్తుంది. జాతి ఒక్కటేనని తేలగానే, ఒకచోట నశించినా మరొకచోట ఉన్నవి కదా అని సమాధానపడడం సులభం. అది సరికాదు. ఒక కొలనులో తరతరాలుగా రూపుదిద్దుకున్న దేహాన్ని మరొక కొలను కప్ప భర్తీ చేయజాలదు. ఈ భేదాలలో కొన్ని నీటి చల్లదనం వల్లనో, ఆహారం వల్లనో కలిగినవి కావచ్చు. ఆ సంగతి తేల్చడానికైనా కప్ప బ్రతికి ఉండాలి గదా! 2016లో టిటికాకాలో కలిసే కొయాటా నదిలో దాదాపు 10,000 కప్పలు చచ్చి తేలాయి.

చిలీ దేశంలో కలామా నగరం చెంత ఉన్న ఒక వాగు కథ మరీ విషాదకరం. గనులకూ, సేద్యానికీ, గృహనిర్మాణానికీ నీటిని అక్రమంగా తోడివేయగా ఆ వాగు ఎండిపోయింది. 2019లో బురదలో మిగిలిన 14 కప్పలను సాంటియాగోలోని జాతీయ జంతుప్రదర్శనశాలకు తరలించారు. 2020లో అక్కడ సుమారు 200 తోకకప్పలు పుట్టాయి. వాటిని స్వస్థలానికి చేర్చాలంటే ముందు వాగులో నీరు పారాలి.