హాట్ సీటుకు ఎదురు కుర్చీ

'మీలో ఎవరు కోటీశ్వరుడు' క్విజ్ షో 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైంది. 2017లో ఆ కుర్చీ చిరంజీవికి దక్కింది. 2021లో పేరు 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా మారి జెమినీ టీవీకి వచ్చేసరికి జూనియర్ ఎన్టీఆర్ కూర్చున్నారు. ముగ్గురూ సినిమా హీరోలే. ఈ షో హిందీ రూపంలోనూ అమితాబ్ తప్పుకుంటే 2007లో షారుఖ్ ఖాన్‌నే వెతికారు. 'స్టార్ మహిళ' గేమ్ షోను వేల ఎపిసోడ్లు ఒంటిచేత్తో నడిపిన యాంకర్ సుమకు మాత్రం తెలుగులో కోటి ప్రశ్న అడిగే కుర్చీ దక్కలేదు. హీరో ఎదురుగా ఉంటే ఆడేవాళ్లు సగం సేపు అభిమానులుగానే ఉండిపోతారు. ప్రశ్న పక్కకు పోయి సెల్ఫీ ముందుకొస్తుంది. ఆటకు కావలసింది ఊపు తెలిసిన గొంతు.

అలాంటి గొంతులు రంగారెడ్డి జిల్లాలో కావలసినన్ని ఉన్నాయి. ఇబ్రహీంపట్నం బస్సులో నిలబడ్డవాళ్లను వెనక్కి జరుపుతూ, చిల్లర లెక్కపెడుతూ, స్టాపుల పేర్లు అరిచే కండక్టరమ్మను ఊహించుకోండి: లైఫ్‌లైన్ అడిగినా 'తొందరగా చెప్పు బిడ్డా, వెనక మస్తు మంది ఉన్నరు' అంటుంది. లేదా అదే జిల్లాలోని బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూడండి. 1994లో 450 రూపాయలకు పోయిన ఆ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. 'ఒకటోసారి... రెండోసారి...' అని వేలం గొంతు ఆగిన ఆ రెండు క్షణాల్లో జనం ఊపిరి బిగపడతారు. ఆ ఉత్కంఠ కోసమే టీవీవాళ్లు డప్పుల మోత, నీలి దీపాలు కొనుక్కుంటున్నారు.