కన్నవారి సంరక్షణకు కాల్‌మనీయేనా దారి?

ప్రామిసరీ నోటుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేళ్లు. ఆ గడువు దాటితే కోర్టులో దావా నిలవదు. అందుకే కృష్ణా డెల్టా పల్లెల్లోనైనా, బెజవాడ పేటల్లోనైనా మూడో ఏడు ముగియకముందే నోటు తిరగరాయించుకోవడం ఆనవాయితీ. కట్టని వడ్డీ ఉంటే అసలులో కలుస్తుంది, కొత్త రెవెన్యూ స్టాంపు మీద మళ్లీ సంతకం పడుతుంది. రూ.2 లక్షలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు రూ.6,000. మూడేళ్లపాటు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినవాడు రూ.2.16 లక్షలు వడ్డీగా ఇచ్చి, పైసా తగ్గని అసలుకే తిరిగి సంతకం పెడతాడు. పెళ్లికో, ఇంటికో చేసిన అప్పయితే ఖర్చు ఒకసారితో పోతుంది, మిగిలేది తీర్చడమే. నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడో, అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడో చేసిన అప్పు అలా కాదు. ఆపరేషన్ అయిపోయినా మందులు ఆగవు, ఫిజియోథెరపీ ఆగదు, చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి జీతం ఆగదు. పాత అప్పు వడ్డీ కట్టేసరికి ఈ నెల ఖర్చుకు కొత్త అప్పు కావాలి.

అప్పు చేసి పప్పుకూడు తిన్నారని ఈ కుటుంబాలను వెక్కిరించడానికి వీల్లేదు. దేశం కన్నా ముందే మన రాష్ట్రానికి ముసలితనం వస్తోంది. 2021 అంచనాల ప్రకారం దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 10.1 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కు దిగింది. ఒకప్పుడు నలుగురైదుగురు పంచుకున్న బరువు ఇప్పుడు ఇద్దరి మీద, చాలా ఇళ్లలో ఒక్కరి మీదే పడుతోంది. ఇక అప్పుల సంగతి. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో రాష్ట్ర వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశ సగటు 50.2 శాతం. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఇక్కడ రూ.2.45 లక్షలు, దేశంలో రూ.74,121. ఇందులో బ్యాంకుల పంట రుణాలూ కలిసే ఉన్నాయి కాబట్టి ఆ అంకెనంతా దైన్యంగా చదవనక్కర్లేదు. అయినా వయసు మీరినవారూ అప్పులూ ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో ఈ రెండు బరువులూ ఒకే గడపలో కలవడంలో వింతేమీ లేదు.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవగా ఇప్పుడు పిలుస్తున్న ఆరోగ్యశ్రీ 2007 నుంచి నడుస్తోంది. ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, రూ.5 లక్షల మేర 2024 అక్టోబరులో విస్తరించారు. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.4,000. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి రూ.15,000. ఇవి చిన్న సాయాలు కావు. కానీ వైద్య పథకాలు ప్రధానంగా ఆస్పత్రి మంచం మీద ఉన్నన్నాళ్ల ఖర్చే చూస్తాయి. బెజవాడ సూర్యారావుపేట డాక్టర్ల వీధుల్లో నెలనెలా కట్టే ఫీజు, పరీక్షలు, నెల మందులు, వాటర్ బెడ్, డైపర్లు, రానూపోనూ ఆటో, తోడుగా వెళ్లిన కొడుకు పోగొట్టుకున్న కూలి వాటి లెక్కలోకి రావు. వృద్ధుల కుటుంబాలను నెలనెలా కుంగదీసేది ఈ చిల్లర ఖర్చులే. పింఛను ఆదుకుంటుంది కదా అనుకుంటే, రూ.1.33 లక్షల అప్పు మీద మూడు రూపాయల వడ్డీకి రూ.4,000 సరిగ్గా సరిపోతుంది. పింఛను పేరు అమ్మదే, అది చేరేది మాత్రం వడ్డీ వ్యాపారికి.

ముందు ఏ అప్పు తీర్చాలన్న దగ్గర మరో చిక్కు ఉంది. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీరాలి. ఇళ్లలో మాత్రం ఎవరు గుమ్మంలోకి వచ్చి గట్టిగా అడుగుతారో వాళ్ల అప్పు ముందు తీరుతుంది. కొడుకూ కోడలూ పనికి వెళ్లిన వేళ వసూలుకు వచ్చినవాడికి ఇంట్లో కనిపించేది ముసలివాళ్లే. నాలుగు మాటలు వాళ్ల చెవిన పడితే సాయంత్రానికల్లా డబ్బు పుడుతుందని వాడికి తెలుసు. బెజవాడకు ఈ పద్ధతి కొత్త కాదు. 2006లోనే కృష్ణా జిల్లా యంత్రాంగం వసూళ్ల వేధింపుల మీద సూక్ష్మరుణ సంస్థల శాఖలు మూయించింది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థల కట్టడికి ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసింది. 2015 డిసెంబరులో, ఫోన్ చేస్తే అప్పు తెచ్చిచ్చే కాల్‌మనీ ఉదంతం బయటపడినప్పుడు ఖాళీ చెక్కులు, ఖాళీ నోట్లు, ఇంటి పత్రాలు, మహిళలపై వేధింపులు రాష్ట్రమంతా చర్చకు వచ్చాయి. 2010 నాటి చట్టం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేసింది. వాటి దగ్గరికి జనాన్ని తోలిన అవసరం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ఖాళీలోకి ఫోన్ కొడితే డబ్బు తెచ్చేవాడు, ఆ తర్వాత ఫోన్‌లోనే అప్పిచ్చే యాప్ వచ్చి చేరాయి.

పైకి చెప్పుకోని అసలు విషయం ఒకటుంది. డెల్టాలో ఇలా అప్పుల పాలైన ఇళ్లన్నీ ఏమీ లేనివి కావు. నాన్న పేరు మీద రెండెకరాల మాగాణి ఉంటుంది, అమ్మ దగ్గర పది కాసుల బంగారం ఉంటుంది, ఉయ్యూరులోనో గుడివాడలోనో పాత ఇల్లు ఉంటుంది. అయినా పిల్లలు మూడు రూపాయల వడ్డీకి నోటు రాస్తారు. పెద్దవాళ్లు బతికుండగానే పొలం అమ్ముకున్నారన్న మాట ఊళ్లో పడకూడదని. ఈ పరువు ఖరీదు ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. ఎకరానికి 75 కిలోల బస్తాలు 25 చొప్పున కౌలు వస్తుందనుకుంటే రెండెకరాలకు 50 బస్తాలు, అంటే 37.5 క్వింటాళ్లు. 2025-26 సాధారణ రకం ధాన్యం మద్దతు ధర రూ.2,369 ప్రకారం దాని విలువ సుమారు రూ.89,000. రూ.3 లక్షల అప్పుకు మూడు రూపాయల వడ్డీ ఏడాదికి రూ.1.08 లక్షలు. రెండెకరాల కౌలంతా పోసినా వడ్డీ తీరదు. పొలాన్ని కాపాడామనుకుంటాం కానీ, దాని ఫలసాయం ఎప్పుడో చేతులు మారింది. ఇంకో రెండు నోట్లు తిరగరాస్తే పొలమూ మారుతుంది.

కాబట్టి మొదట మారాల్సింది ఒక ఆలోచన. తల్లిదండ్రులు కూడబెట్టిన ఆస్తి మొదట తల్లిదండ్రుల కోసమే. వాళ్ల తర్వాతే వారసుల కోసం. ఎకరంలో పావు అమ్మినా, అదే బంగారాన్ని బ్యాంకులో పెట్టినా, ఇంటి మీద తనఖా రుణం తీసుకున్నా ఏడాదికి నూటికి 36 వడ్డీ కన్నా చాలా తక్కువకే డబ్బు పుడుతుంది. రూ.2 లక్షల ప్రైవేటు అప్పును ఏడాదికి పది శాతం బంగారు రుణంలోకి మార్చుకుంటే ఏటా రూ.52,000 మిగులుతుంది. నెలకు నాలుగు వేల పైచిలుకు. చాలా ఇళ్లలో మందుల ఖర్చు ఇంతే. రూ.2.5 లక్షల లోపు బంగారు రుణానికి విలువలో 85 శాతం దాకా ఇచ్చేలా రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో నిబంధన సడలించింది. అలాగని గడువు మరిస్తే బంగారం వేలానికి పోతుంది, ఆ జాగ్రత్త తప్పదు. 60 ఏళ్లు దాటినవారు సొంతింటిని బ్యాంకుకు చూపి నెలనెలా డబ్బు పొందే రివర్స్ మార్ట్‌గేజ్ 2007లోనే వచ్చినా మన దగ్గర వేళ్లూనుకోలేదు. ఇల్లు పిల్లలకు పోవాలన్న పట్టుదలే అందుకు పెద్ద కారణం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆస్తిని కదిలిస్తే చివరికి ముసలివాళ్లే రోడ్డున పడతారని. ఆ భయం ఊరికే పుట్టలేదు. పొలం రాయించుకుని పట్టించుకోని కొడుకుల కథలు లేని ఊరు లేదు. అందుకే ఒక గీత గీసుకోవాలి. ఆస్తిని పిల్లల పేర మార్చడం వేరు, తల్లిదండ్రుల పేరునే ఉంచి వాళ్ల సంరక్షణకే వాడుకోవడం వేరు. కొడుకు వ్యాపారపు అప్పుకు నాన్న ఇల్లు తనఖా పెట్టడం ఈ కోవలోకి రాదు, రాకూడదు. దానం గానీ సెటిల్‌మెంట్ గానీ రాయక తప్పకపోతే, పోషించాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా చదవాలని, ఆస్తిని తిరిగి అప్పగించమని ఆదేశించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని చెప్పింది.

అప్పు ఎవరి పేరున ఉంది, బరువు ఎవరు మోస్తున్నారన్నది రెండో ప్రశ్న. డెల్టాలో ఒక బిడ్డ డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, ఇంకొకరు పెనమలూరులోనో పామర్రులోనో అమ్మానాన్నల దగ్గర ఉండటం మామూలే. దూరాన ఉన్నవారు డబ్బు పంపితే అది లెక్కలోకి వస్తుంది. దగ్గరున్నవారు రాత్రిళ్లు మేలుకోవడం, ఉద్యోగం మానేసిన కోడలు పోగొట్టుకున్న జీతం ఎవరి పద్దులోనూ పడవు. నోటు మీద సంతకం కూడా దగ్గరున్నవారిదే. పంపకాల నాడు మాత్రం వాటాలు సమానం. కూతుళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. 2007 చట్టం పోషణ బాధ్యతనూ కొడుకులతో పాటు కూతుళ్ల మీద పెట్టింది. పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని కూతురి హక్కును, ఆడపిల్లను కదా అని బాధ్యతను దాటవేయడం రెండూ చెల్లవు. తోబుట్టువులు కూర్చుని, అమ్మానాన్నల కోసం ఇంతవరకు అయిన అప్పు, ఇకపై నెలకయ్యే ఖర్చు, దగ్గరుండి చూసుకునేవారి శ్రమ విలువ మూడూ ఒక కాగితం మీద రాసి వాటాలు వేసుకోవాలి. మాట్లాడుకుని కుదరకపోతే ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షుడిగా ఉండే ట్రైబ్యునల్ ఉంది. అయితే అక్కడికి వెళ్లడమంటే పిల్లల మీద కేసు పెట్టడమేనని వృద్ధులు జంకుతారు. రాజీ కుదిర్చే వేదికగా దాన్ని ప్రజలకు పరిచయం చేయాల్సింది అధికారులే.

కొన్ని చట్టాల సంగతులు తెలిసుంటే సగం భయం పోతుంది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు సొంత సంపాదనతో బాధ్యుడు కాడు, తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యుడు. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయ సూత్రం ఒక్కదాన్నే పట్టుకుని కోర్టుకు వెళ్లే వీలును 2005 సవరణ తీసేసింది. అలాగే కొడుకు అప్పుకు తల్లిదండ్రులు బాధ్యులు కారు, హామీ సంతకం పెడితే తప్ప. పెడితే మాత్రం అప్పు తీసుకున్నవారితో సమానంగా ఇరుక్కుంటారు. కాబట్టి పింఛను మీద బతికే పెద్దల చేత హామీ సంతకం చేయించకూడదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. ప్రైవేటు అప్పు విషయంలో మితిమీరిన వడ్డీని తగ్గించే అధికారం కోర్టులకు 1918 నాటి చట్టం నుంచే ఉంది. కట్టే ప్రతి రూపాయికీ రుజువు మాత్రం కావాలి. నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, వీలైతే డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే ఇవ్వాలి. ఇక తీర్చే క్రమం: వచ్చే నెల మందుల డబ్బు ముందు పక్కన పెట్టాలి, లేకపోతే అది కొత్త అప్పవుతుంది. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్న దాని మీద విరుచుకుపడాలి, గట్టిగా అరిచేవాడిదని కాదు.

ఆస్తే లేనివారికి ఈ లెక్కలన్నీ పనికిరావు. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసేవారు, సాగు హక్కు కార్డు లేని కౌలు రైతు, ఇళ్లలో పాచిపని చేసే ఆడవాళ్లు ఏం తాకట్టు పెడతారు? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచినప్పుడు నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చింది రూ.25,000. ఇంటి సామాను, ఆటో, కుట్టుమిషన్ కలిపి పోయిన ఇంట్లో అది ఎంతకాలం నిలుస్తుంది? ఇలాంటివారి విషయంలో బాధ్యత ప్రభుత్వానిదే. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం తెచ్చి, మంచాన పడ్డవారి దగ్గరికి నర్సులే వెళ్లేలా పంచాయతీలకు పని అప్పగించింది. వార్డు, గ్రామ సచివాలయాలు, 104 వాహనాలు ఉన్న మన రాష్ట్రానికి అది అసాధ్యం కాదు. బీపీ, షుగర్ మాత్రలతో ఆగకుండా ఇంటికి వచ్చే నర్సు, ఫిజియోథెరపిస్టు కావాలి. అప్పుల వైపు చూస్తే, ఈ నేలకు సంస్థలు కట్టుకున్న అనుభవం ఉంది. వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి రైతును తప్పించే ఆలోచనతోనే 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వచ్చింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. సహకార సంఘాలు, డ్వాక్రా మహిళలకు అప్పిచ్చే స్త్రీ నిధి ఇప్పుడు ఒక కొత్త రుణం తేవాలి. వృద్ధుల వైద్యానికి చేసిన ప్రైవేటు అప్పును తక్కువ వడ్డీకి మార్చుకునే రుణం అది. పంటకు, పశువుకు అప్పిచ్చే వ్యవస్థ కన్నవారి సంరక్షణను అవసరంగా గుర్తించకపోవడం వింతే.

ప్రభుత్వం కదిలేలోగా చేతిలో ఉన్నది చేద్దాం. ఇంట్లో అమ్మానాన్నలు ఉండి, వాళ్ల కోసం రాసిన నోటు ఏదైనా ఉంటే, అది తిరగరాసే తేదీ రాకముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోట కూర్చోండి. అమ్మానాన్నలనూ ఆ మాటల్లో కూర్చోబెట్టండి, వాళ్ల ఆస్తి గురించి వాళ్ల ఇష్టమేమిటో అడగండి. పొలంలో కొంత తగ్గినా ఫర్వాలేదు. వాళ్ల చివరి రోజుల నెమ్మదిని మాత్రం వడ్డీకి కట్టొద్దు.